దొరల నోట మన మాట



పల్లెటూరి పెద్దమనిషి పట్టణమునకు పోయి, "టేసను ఎటు నాయనా?" అని యడిగినచో, నాలుగక్షరములు చదివిన పడుచువాడు మూతి ముడిచి నవ్వును. పెద్దమనిషి సిగ్గుపడి తల వంచును. ఈ సిగ్గు న్యాయమైనదా? చరిత్రను ఒక్కమారు తిరుగవేసి చూతము.

పదునెనిమిదవ శతాబ్దిలో తూర్పుదేశములకు వచ్చిన కుంఫిణీ యుద్యోగులకు "యువరాజు" అను మాట వినబడినది. వారు దానిని "అప్పర్ రోజర్" అని వ్రాసికొనిరి. అప్పర్ అనగా పైది. రోజర్ అనునది వారిలో మన రామయ్య, కృష్ణయ్య వంటి పేరు. పట్టాభిషేకము కావలసిన రాజకుమారుడు వారి కాగితములలో "పై రోజరు" అయి కూర్చుండెను! 1756లో కలకత్తాను పట్టుకొన్న బంగాళా నవాబు సిరాజుద్దౌలా వారి నోట "సర్ రోజర్ డౌలర్" అయ్యెను. తమ కోటను ముట్టడించిన శత్రువునకు తామే సర్ బిరుదమిచ్చుకొన్నట్లయినది. ఇప్పుడు ప్రయాగరాజ్ అనబడు అలహాబాదును వారు "ఐల్ ఓ బ్యాట్స్" అనిరి. అనగా గబ్బిలముల దీవి!

పీర్ల పండుగనాడు "యా హసన్, యా హుస్సేన్" అను శోకధ్వని మన యూళ్లలో మీరందరును వినినదే. తెల్లసోల్జర్లకు అది "హాబ్సన్-జాబ్సన్" అని వినబడినది. ఆ రెండును వారి దేశపు ఇంటిపేర్లు. హెన్రీ యూల్, మద్రాసు రాజధానిలో సివిలు ఉద్యోగము చేసిన ఆర్థర్ బర్నెల్ అను పండితులిద్దరు ఇట్టి మాటలను ప్రోగుచేసి, ఆ పేరుతోనే నిఘంటువు కూర్చిరి. 1882లో బర్నెల్ గతించెను. 1886లో గ్రంథము వెలువడినది. మన పందికొక్కు "బ్యాండికూట్" అను పేర అందులో చోటు సంపాదించుకొన్నది. ఆస్ట్రేలియా ఖండములో పిల్లలను సంచిలో మోయు వేరొక జంతువునకు సయితము ఆ పేరే స్థిరపడినది. పందికొక్కు సముద్రము దాటినదని యెవరనుకొందురు?

మనమును ఈ విద్యలో తీసిపోలేదు. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరనే మన ఇబ్రహీంపట్నము వెలసినదని ప్రతీతి. తెలుగు కవులు ఆ ప్రభువును "మల్కిభరాము"డని పిలిచిరి. మలిక్ ఇబ్రహీం అను పేరులో రాముడు కానవచ్చెను! అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను.

మన యూరినుండి హైదరాబాదునకు పోవుచు మలకుపేట చేరక మునుపు మూసారాంబాగు తగులును. నిజాం కొలువులో సేనానిగానుండి 1798లో మరణించిన రేమండ్ అను ఫ్రెంచివాని పేరది. "ముస్యూ" అనునది వారి గౌరవవాచకము. ముస్యూ రేమండ్ హిందువులకు మూసారాం అయ్యెను, ముసల్మానులకు మూసా రహీం అయ్యెను. ఎవరి దైవము పేరును వారు అందులో వినిరి. ఆయన సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్టమీద నేటికిని నిలిచియున్నది.

దీనికి కారణమొక్కటే. చెవి తెలియని ధ్వనిలో తెలిసినదానిని వెదకును, దొరకినదానిని నోటికందించును. ఇందులో మూర్ఖత్వము లేదు, మనుష్యస్వభావమే యున్నది. భాషాశాస్త్రజ్ఞులు ఈ రీతికి "హాబ్సన్-జాబ్సన్ న్యాయ"మని పేరుకూడ పెట్టిరి.

అయినను భేదమొకటి కలదు. ఏలినవారి తప్పు నిఘంటువునకెక్కినది. ఏలబడినవారి తప్పు ఎగతాళి పాలైనది. లార్డును లాటుదొర యని, కంపెనీని కుంఫిణీ యని పిలిచిన మన తాతలు తప్పు పలుకలేదు, పరాయి మాటకు తెలుగు రూపు కట్టిరి. ఈ సంగతి నెరిగిన దొర లేకపోలేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1854లో తెలుగున కలిసిన అన్యదేశ్యములకు ప్రత్యేకముగ ఒక నిఘంటువునే ప్రకటించెను.

కావున పెద్దలకు నా విన్నపము. మీ నోట నిట్లు మారిన మాటలు ఎన్నియో కలవు. కచేరిలో, సంతలో, మోటరు బండిమీద, దవాఖానాలో పుట్టినవి. వాని వెనుక ఏ దొర వచ్చెనో, ఏ వస్తువు వచ్చెనో మీకే తెలియును. మనుమలు నవ్వినచో మీరును నవ్వుడు. పిదప వారిచేతనే వ్రాయించుడు. మీతో పోయిన మాటను మరల తెచ్చువారు లేరు.