ఇంటి కంప్యూటరులో కేబుల్ టీవీ రికార్డింగు

కేబుల్ వైరులో వచ్చే టీవీ కార్యక్రమాలను సొంత కంప్యూటరు హార్డ్ డిస్కులో నిలవ చేసుకుని, తీరిక ఉన్నప్పుడు చూసుకునే పద్ధతి 1990ల చివర అమెరికాలో రూపు దిద్దుకుంది. 2002 నుంచి ఓ పదేళ్లపాటు అది అక్కడ బాగా సాగింది. ఇందుకు ఛానలును పట్టే ట్యూనరు, బొమ్మను కుదించి ఫైలుగా మార్చే ఎన్‌కోడరు, ఏ కార్యక్రమం ఎప్పుడు వస్తుందో చెప్పే పట్టిక, వీటన్నిటినీ నడిపే సాఫ్ట్‌వేరు కావాలి. సాంకేతికంగా వీటిలో ఏదీ దాటరాని అడ్డంకి కాలేదు. వైరులో వచ్చే సిగ్నలుకు వేసిన తాళం ఎవరి చేతిలో ఉండాలన్నదే అసలు సమస్య అయింది.

ఈ కథకు పునాది కంప్యూటర్ల కంటే ముందే పడింది. సోనీ సంస్థ 1975లో బీటామ్యాక్స్, జేవీసీ 1976లో వీహెచ్ఎస్ టేపు రికార్డర్లను విడుదల చేశాయి. టీవీలో వచ్చే సినిమాలను జనం ఇంట్లో రికార్డు చేసుకోవడం కాపీహక్కుల ఉల్లంఘనేనంటూ యూనివర్సల్, డిస్నీ సంస్థలు 1976లో సోనీపై దావా వేశాయి. 1984 జనవరి 17న అమెరికా సుప్రీం కోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచిన తీర్పులో సోనీ పక్షాన నిలిచింది. తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమైన వినియోగమేనని జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ రాసిన ఆ తీర్పు తేల్చింది. ఆ తీర్పు రికార్డు చేసుకోవడం నేరం కాదన్నదే తప్ప, రికార్డు చేసుకోవడానికి వీలుగా సిగ్నలు ఇచ్చి తీరాలని ఎవరినీ ఆదేశించలేదు. తర్వాత జరిగిన పోరాటమంతా ఈ రెండింటి నడుమనే సాగింది.

1990లలో బ్రూక్‌ట్రీ సంస్థ తయారు చేసిన బీటీ848, దాని తర్వాతి బీటీ878 చిప్పులతో చవకైన టీవీ ట్యూనరు కార్డులు వచ్చాయి. హాపాజ్ సంస్థ విన్‌టీవీ కార్డులు, ఏటీఐ సంస్థ 1996లో తెచ్చిన ఆల్-ఇన్-వండర్ కార్డు బాగా ప్రాచుర్యం పొందాయి. అప్పటి కేబుల్ చాలావరకు అనలాగ్. గోడలోంచి వచ్చిన వైరును టీవీకి బదులు కార్డు వెనక బిగిస్తే మామూలు ప్యాకేజీ ఛానళ్లన్నీ తెరమీదికి వచ్చేవి. చూడటం తేలికే, దాచుకోవడమే కష్టం. 640×480 పరిమాణంలో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున కుదించకుండా నిలవ చేస్తే సెకనుకు సుమారు 18 మెగాబైట్లు, గంటకు 66 గిగాబైట్లు పడుతుంది. అప్పటి ఇంటి కంప్యూటరు డిస్కు మొత్తం కలిపినా అందులో చిన్న భాగానికే సరిపోయేది. అప్పటికప్పుడు కుదించే పని ప్రాసెసరు మీద పడటంతో అది తట్టుకోలేక మధ్యమధ్య ఫ్రేములు వదిలేసేది. పైగా బొమ్మ ట్యూనరు కార్డు ద్వారా కంప్యూటరులోకి, శబ్దం వేరే చిన్న తీగ మీదుగా సౌండు కార్డులోకి వెళ్లేవి. రెండింటి గడియారాలు వేరు కావడంతో గంట కార్యక్రమం ముగిసేసరికి పెదవుల కదలికకూ మాటకూ పొంతన తప్పేది.

1999లో టీవో, రీప్లేటీవీ అనే పరికరాలు మార్కెట్లోకి వచ్చి జనం ఆశలను మార్చేశాయి. ప్రత్యక్ష ప్రసారాన్ని మధ్యలో ఆపడం, ధారావాహిక పేరు ఒక్కసారి చెబితే అన్ని భాగాలూ వాటంతటవే రికార్డు కావడం అప్పుడే మొదలయ్యాయి. టీవో లోపల నడిచింది లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కావడం కంప్యూటరు ఔత్సాహికులను ఊరించింది. పట్టిక సేవకు కట్టాల్సిన చందా వారిని సొంత దారి వెతుక్కునేలా చేసింది. రీప్లేటీవీ ప్రకటనలను తనంతట తానే దాటవేయడం, రికార్డింగును ఇంటర్నెట్ మీదుగా మరొకరికి పంపడం సాధ్యం చేసేసరికి 2001లో టీవీ సంస్థలు, స్టూడియోలు కోర్టుకెక్కాయి. దాని యజమాని సోనిక్‌బ్లూ 2003లో దివాలా తీయడంతో ఆ కేసులో ప్రధాన ప్రశ్న తేలకుండానే మిగిలిపోయింది.

ఇంటి కంప్యూటరును నిజంగా పనికొచ్చే రికార్డరుగా మార్చినవి హాపాజ్ పీవీఆర్-250, పీవీఆర్-150 తరగతి కార్డులు. వీటిలో ట్యూనరు పక్కనే ఎంపెగ్-2 ఎన్‌కోడరు చిప్పు ఉండేది. కుదింపు పని అక్కడే అయిపోవడంతో పాత ప్రాసెసరున్న కంప్యూటరు కూడా సరిపోయేది. గంట కార్యక్రమం సుమారు రెండు గిగాబైట్లలో ఇమిడేది. మాట, బొమ్మ కలిసి ఉండేవి. కార్డును పీసీఐ స్లాటులో గుచ్చి, కేబుల్ వైరును మర తిప్పి బిగించి, లైనక్స్‌లో ఐవీటీవీ డ్రైవరు ఎక్కిస్తే కార్డు మొత్తం ఒక ఫైలులా కనబడేది. ఆ ఫైలులోంచి వచ్చేదాన్ని ఒకే ఒక్క ఆదేశంతో మరో ఫైలులోకి మళ్లిస్తే చాలు, రికార్డింగు మొదలైనట్లే. ఈ డ్రైవరును ఏళ్లపాటు ఔత్సాహికులే విడిగా నిర్వహించారు, 2007లో 2.6.22 వెర్షనుతో అది లైనక్స్ కెర్నల్‌లో చేరింది.

సాఫ్ట్‌వేరు వైపు విండోస్ మీద బియాండ్‌టీవీ, సేజ్‌టీవీ, మైక్రోసాఫ్ట్ సొంత మీడియా సెంటర్ ఉండగా, లైనక్స్ మీద 2002లో ఐజక్ రిచర్డ్స్ మొదలుపెట్టిన మిథ్‌టీవీ అన్నిటికంటే లోతుగా ఎదిగింది. రికార్డు చేసే భాగాన్నీ చూపే భాగాన్నీ విడదీయడం దాని నిర్మాణంలోని గొప్పతనం. ట్యూనరులు, డిస్కులు ఉన్న కంప్యూటరు ఓ మూలగదిలో మోగుతూ ఉంటే, హాలులో చప్పుడు చేయని చిన్న కంప్యూటరు ఇంటి నెట్‌వర్కు మీదుగా దాన్ని చూపేది. రెండు కార్యక్రమాలు ఒకే సమయానికి వస్తే దేనికి ప్రాధాన్యమివ్వాలో, తప్పిపోయినది మళ్లీ ఎప్పుడు ప్రసారమవుతుందో అదే లెక్కవేసుకునేది. నల్లని ఫ్రేములను, తెర మూల ఛానలు గుర్తు మాయమవడాన్ని పట్టుకుని ప్రకటనలు ఎక్కడున్నాయో కనిపెట్టేది. దాన్ని నిలబెట్టడం మాత్రం ఓపికను పరీక్షించే పని. డేటాబేసు, రిమోట్, శబ్దం, టీవీకి బొమ్మ పంపే డ్రైవరు అన్నీ విడివిడిగా అమర్చాలి. నాప్‌మిథ్, మిథ్‌బుంటు వంటి సిద్ధపరిచిన కూర్పులు ఆ భారాన్ని కొంత దించాయి.

పట్టిక లేకపోతే ఇదంతా గంటకొట్టే టైమరు కంటే మెరుగు కాదు. ట్రిబ్యూన్ మీడియా సర్వీసెస్ జాప్‌టుఇట్ ల్యాబ్స్ పేరిట ఔత్సాహికులకు ఈ సమాచారాన్ని ఉచితంగా ఇచ్చేది. 2007 సెప్టెంబరు 1న ఆ సేవ నిలిచిపోయింది. సాఫ్ట్‌వేరు రాస్తున్నవారే కలిసి షెడ్యూల్స్ డైరెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థను పెట్టి, అదే సమాచారాన్ని కొని, కొద్దిపాటి చందాకు అందరికీ అందించారు. స్వచ్ఛందంగా పనిచేసే సమూహం కొద్ది వారాల్లో ఇంత పని చేయడం మెచ్చుకోదగిన విషయం.

కేబుల్ డిజిటల్‌కు మారినకొద్దీ పరిస్థితి బిగిసింది. ఒకప్పుడు ఒక అనలాగ్ ఛానలు పట్టిన 6 మెగాహెర్ట్జ్ చోటులో 256-క్వామ్ అనే డిజిటల్ ప్రసార పద్ధతిలో సెకనుకు 38 మెగాబిట్లకు పైగా పంపవచ్చు. అంటే రెండు హెచ్‌డీ ఛానళ్లు, లేదా పదివరకు మామూలు ఛానళ్లు. వాటిలో ఎక్కువ భాగం తాళం వేసి వచ్చేవి; తాళంచెవి సెట్‌టాప్ బాక్సులో ఉండేది. దాంతో కంప్యూటరు బాక్సు వెనక నిలబడాల్సి వచ్చింది. చిన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాన్ని బాక్సు కన్ను మీద టేపుతో అంటించి, కంప్యూటరు రిమోట్‌లాగా ఛానలు అంకెలు పంపేలా అమర్చేవారు. ఒక్క అంకె జారితే రాత్రంతా వేరే ఛానలు రికార్డయ్యేది. 2004 నుంచి కోరినవారికి పనిచేసే ఫైర్‌వైర్ డిజిటల్ పోర్టు ఉన్న హెచ్‌డీ బాక్సు ఇవ్వాలని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నిబంధన పెట్టింది గానీ, ఆ దారిలోనూ చాలా ఛానళ్లకు కాపీ రక్షణ అడ్డుపడింది. 2008లో వచ్చిన హాపాజ్ హెచ్‌డీ-పీవీఆర్ బాక్సు అనలాగ్ కాంపోనెంట్ వైర్లలోంచి హెచ్‌డీ బొమ్మను తీసుకుని హెచ్.264గా కుదించింది. అంతవరకు ఎవరూ మూయని తలుపు అదొక్కటే.

చట్టప్రకారం అసలు పరిష్కారం కేబుల్ కార్డు. సెట్‌టాప్ బాక్సులను కేబుల్ సంస్థ నుంచే కాక బయట కూడా కొనుక్కునే వీలుండాలని 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం చెప్పింది. దాని ఫలితంగా తాళంచెవిని బాక్సు నుంచి విడదీసి, ల్యాప్‌టాపులో గుచ్చే కార్డంత పరికరంలో పెట్టారు. 2007 జులై 1 నుంచి కేబుల్ సంస్థలు తాము కొత్తగా ఇచ్చే బాక్సుల్లో కూడా దాన్నే వాడాల్సి వచ్చింది. కంప్యూటరుకు ఇది దక్కడంలో మాత్రం చాలా ఆలస్యమైంది. మొదట్లో ఆమోదం పొందిన కొత్త కంప్యూటరు కొన్నవారికే ట్యూనరు దొరికేది. ఆ కట్టుబాటు తొలగాకే సెటన్ ఇన్ఫినిటీవీ 4 (2010), సిలికాన్‌డస్ట్ హెచ్‌డీహోమ్‌రన్ ప్రైమ్ (2011) ఇళ్లలోకి వచ్చాయి. బిగించాక తెరమీద కనబడే కార్డు సంఖ్య, ట్యూనరు సంఖ్యలను కేబుల్ సంస్థకు ఫోన్లో చదివి వినిపించి జత చేయించుకోవాలి. అప్పటికీ ప్రతి ఛానలు తనతో ఒక గుర్తును మోసుకొచ్చేది. ‘స్వేచ్ఛగా కాపీ చేసుకోవచ్చు’ అన్న గుర్తున్నవే మిథ్‌టీవీకి దక్కేవి. ‘ఒక్కసారి మాత్రమే’ అన్నవి విండోస్ మీడియా సెంటరులోనే, అదీ రికార్డు చేసిన కంప్యూటరులోనే తెరుచుకునేవి. ఏ ఛానలుకు ఏ గుర్తు తగిలించాలన్నది చాలావరకు కేబుల్ సంస్థ చేతిలో ఉండటంతో, ఒకే ఛానలు ఒక ఊళ్లో రికార్డయి పక్క ఊళ్లో కాకపోవడం జరిగేది. ఇది వినియోగదారుడికి జరిగిన అన్యాయమే. 2012లో స్థానిక ఛానళ్ల ప్రాథమిక ప్యాకేజీకి కూడా తాళం వేసుకోవచ్చని కమిషన్ అనుమతించడంతో కేబుల్ కార్డు లేని డిజిటల్ ట్యూనరులకు కేబుల్‌లో చోటు లేకుండా పోతూ వచ్చింది.

తెలుగు ప్రాంతాల్లో ఈ కథ తక్కువకాలమే నడిచింది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక కేబుల్ విస్తరించింది. ఆపరేటరు వైరు ఏ బాక్సూ లేకుండా నేరుగా టీవీలోకి వెళ్లేది కనుక పాల్ పద్ధతి ట్యూనరు కార్డు కొన్నవారికి అన్ని ఛానళ్లూ కంప్యూటరులో వచ్చేవి. గదిలో టీవీ లేనివారు మానిటరునే టీవీగా చేసుకోవడానికి వాటిని ఎక్కువగా వాడారు. రెండో దశ డిజిటలీకరణలో 2013 మార్చి 31 గడువుతో హైదరాబాదు, విశాఖపట్నాల్లో సెట్‌టాప్ బాక్సు తప్పనిసరైంది. మిగతా ఊళ్లు ఆ తర్వాత వరుసగా మారాయి. కేబుల్ కార్డు లాంటి ఏర్పాటు ఇక్కడ రాలేదు.

అమెరికాలోనూ ఒక్కొక్క ఆధారమే తొలగింది. సేజ్‌టీవీని 2011లో గూగుల్ కొనేసింది, 2015లో దాని మూల కోడును బహిరంగపరిచారు. అదే ఏడాది వచ్చిన విండోస్ 10లో మీడియా సెంటర్ లేదు. కేబుల్ కార్డు మద్దతు నిబంధనలను కమిషన్ 2020లో రద్దు చేసింది. మిథ్‌టీవీ ఇంకా అభివృద్ధిలో ఉంది. యాంటెన్నాతో వచ్చే ప్రసారాలకు దాన్ని వాడేవారున్నారు. అనలాగ్ రోజుల్లో పీవీఆర్ కార్డులతో చేసిన ఎంపెగ్-2 ఫైళ్లకు ఏ తాళమూ లేదు కాబట్టి అవి నేటి కంప్యూటర్లలోనూ ఆడతాయి. ‘ఒక్కసారి మాత్రమే’ గుర్తుతో మీడియా సెంటర్ దాచిన రికార్డింగులు మాత్రం ఆ కంప్యూటరు పాడైతే దానితోపాటే పోతాయి.