కరగడం వేరు, చెడడం వేరు

వేసవిలో మూలికల మలాము డబ్బా మూత తీస్తే పైన నూనె తేలి, ముక్కిపోయిన వాసన రావడం మీరు గమనించే ఉంటారు. ఈ చిక్కు చాలా పాతది.

క్రీ.శ. 2వ శతాబ్దపు వైద్యుడు గేలెన్ తేనెమైనాన్ని ఆలివ్ నూనెలో కరిగించి, గులాబీ నీరు చేర్చి చేసిన లేపనమే నేటి కోల్డ్‌క్రీమ్‌కు మూలమని ప్రతీతి. తేనెమైనం సుమారు 62 డిగ్రీల సెల్సియస్ వరకు కరగదు. నూనె సంగతి వేరు. వేడి పెరిగిన కొద్దీ అది గాలిలోని ఆక్సిజన్‌తో త్వరగా కలిసి చెడిపోతుంది.

పందికొవ్వుతో మలాములు చేసిన ఐరోపా ఔషధకారులు 19వ శతాబ్దంలో అందులో సాంబ్రాణి కలిపి ఈ చెడును ఆలస్యం చేశారు. 1872లో అమెరికాలో రాబర్ట్ చీస్‌బ్రో వాసెలిన్‌కు పేటెంటు పొందారు. పెట్రోలియం నుండి తీసిన ఆ పదార్థం వేడికి మెత్తబడుతుందే గాని ముక్కిపోదు. అందుకే అది అనేక మలాములలో కొవ్వుల స్థానాన్ని ఆక్రమించింది.

కరిగిన మలాము చల్లబడితే తిరిగి గట్టిపడుతుంది. అయితే మందు అంతటా సమంగా ఉండకపోవచ్చు. ముక్కిన నూనె మళ్ళీ మంచిది కాదు, చర్మాన్ని మండించవచ్చు. కనుక నూనెతో చేసిన మలామును పొయ్యి పక్కన, ఎండలో నిలిపిన కారులో ఉంచకండి. వాసన మారిన మలామును పసిబిడ్డలకు, పుండ్లకు రాయకండి, నిస్సంకోచంగా పారవేయండి.