వెబ్ సర్వీసు ఒప్పందం - కొలిచేదెవరు?

వెబ్ సర్వీసు ఇచ్చేవారికీ, వాడుకునేవారికీ మధ్య ఉండే ఒప్పందమే ఎస్.ఎల్.ఏ. నెలకు 99.9 శాతం అందుబాటు అంటే 30 రోజుల్లో ఆగడానికి సుమారు 43 నిమిషాలే వీలు. సర్వీసు నడుస్తుండగానే దీన్ని కొలవాలి. ఇలాంటి షరతులను కంప్యూటరుకు అర్థమయ్యేలా రాయడానికి ఐ.బి.ఎం. 2003లో డబ్ల్యూ.ఎస్.ఎల్.ఏ. అనే భాషను తెచ్చింది. కొలిచే పనిని మూడో పక్షానికి అప్పగించే వీలు అందులో ఉంది. నా దృష్టిలో అసలు కిటుకు అదే. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 కొన్ని గంటలు స్తంభించింది. ఆ సంగతి చెప్పాల్సిన వారి స్టేటస్ పేజీని మార్చే ఏర్పాటు కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండడంతో మొదట్లో దాన్ని మార్చలేకపోయారు! ఎస్3 ఒప్పందం ప్రకారం పరిహారం కావాలంటే లాగులు జతచేసి మీరే అడగాలి. కాబట్టి మీ మానిటర్‌ను ఆ సర్వీసుకు బయట, వేరేచోట నడపండి. ప్రతి ఎర్రర్‌నూ సమయంతో సహా భద్రపరచండి.