ఏటికి ఇవతల ధర్మసందేహాలు

నిజాం పాలన పోయేదాకా గోదావరి మాకు నదే కాదు, పొలిమేర కూడా. అవతలి ఒడ్డున భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో ఉండేది, ఇవతలి ఒడ్డున సారపాక, బూర్గంపాడు నిజాం ఇలాకాలో ఉండేవి. 1959లో భద్రాచలం తాలూకాను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 1965లో వంతెన పూర్తయితే రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చి ప్రారంభించారు. అప్పటిదాకా రాముడి దర్శనానికి పడవే గతి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్న సంగతులే. పుస్తకాలకెక్కని సంగతి ఒకటుంది. గుడి కళ్లెదుటే కనిపిస్తున్నా ఆ గుడిలో పండితుల దగ్గరికి వెళ్లి నోరు విప్పే చనువు లేని ఇళ్లు మా ఒడ్డున ఎన్నో ఉండేవి. చావొస్తే ఏం చెయ్యాలి, మైల ఎన్నాళ్లు పట్టాలి, ఏడాది లోపు గుట్ట ఎక్కొచ్చా అని ఆ ఇళ్లవాళ్లు ఎవర్ని అడిగేవాళ్లు? నాకు తెలిసినంతలో, చాలాకాలం ఎవర్నీ అడగలేదు. కులపెద్ద చెప్పింది చేశారు, లేకపోతే భయపడి ఊరుకున్నారు.

వాళ్ల నోట మాట తెప్పించింది రేడియో. ఇంకా చెప్పాలంటే ఒక మనిషి గొంతు. ఉషశ్రీగారి అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928లో పశ్చిమ గోదావరి జిల్లా కాకరపర్రులో పుట్టారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి రామాయణం, భారతం చెప్పి, శ్రోతలు రాసిన ఉత్తరాలకు ‘ధర్మసందేహాలు’ అనే కార్యక్రమంలో జవాబులిచ్చేవారు. 1990లో పోయేదాకా ఆయన మా ఇళ్లలో మనిషి. ఆదివారం మధ్యాహ్నం ఆ గొంతు వినిపిస్తే మా అమ్మ పొయ్యి మీద కూర దించేసి మరీ కూర్చునేది. ఆయన మెత్తగా బుజ్జగించే రకం కాదు. మూఢనమ్మకంతో రాసిన ఉత్తరం కనబడితే గట్టిగా చురక వేసేవారు, ఆ వెంటనే కథలోంచి ఒక ఘట్టం ఎత్తుకుని మనసు కుదుటపరిచేవారు. తిట్టినా బాధ కలిగేది కాదు. ఇంట్లో పెద్దవాడు తిట్టినట్టే ఉండేది.

మా నాన్న పేపరు మిల్లులో షిఫ్టుల మనిషి. 1979లో మిల్లు నడవడం మొదలుపెట్టాక సారపాకకు ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. గుంటూరు వాళ్లు, రాజమండ్రి వాళ్లు, ఒరిస్సా నుంచి వచ్చినవాళ్లు. ఊరిలో ఎవరి ఆచారం వాళ్లది. పక్కింటివాళ్లు పదిరోజులు మైల పడితే ఎదురింటివాళ్లు పదమూడు పట్టేవాళ్లు. ఇన్ని ఆచారాలు ఒక వీధిలో కలిసినప్పుడు ఎవరిది సరైనదన్న అనుమానం రాకుండా ఉండదు. అందుకే కాబోలు మా వీధి నుంచి విజయవాడకు అన్ని కార్డులు వెళ్లాయి. రాసేదాన్ని నేనే. హైస్కూల్లో చదువుతున్నాను, దస్తూరి గుండ్రంగా ఉంటుందని ఆడవాళ్లందరూ నా దగ్గరికి వచ్చేవాళ్లు. పదిహేను పైసల కార్డు తెచ్చుకుని గడప మీద కూర్చుని చెప్పేవాళ్లు, నేను రాసేదాన్ని.

అప్పుడు నాకొకటి అర్థమైంది. ఎవరూ తమ బాధను బాధలాగా చెప్పేవాళ్లు కాదు. ‘శాస్త్రం ఏమంటుంది’ అని అడిగేవాళ్లు. కొడుకుతో మాటల్లేని తల్లి ‘కొడుకు చేతి తర్పణం లేకపోతే గతి ఉండదా’ అని రాయించేది. పిల్లలు లేని ఆవిడ ‘సంతానం లేనివాళ్లు నోము ఉద్యాపన చేసుకోవచ్చా’ అని రాయించేది. దీనికి భిన్నంగా, అమెరికాలో 1986 నుంచి 2011 దాకా ఓప్రా విన్‌ఫ్రే టీవీలో జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించింది. అక్కడివాళ్లు తమ గాయాన్ని తామే విప్పి చెప్పుకున్నారు, తన గాయాన్ని ఆమె కూడా దాచుకోలేదు. చాలామందికి ఆమె గురువైంది అలాగే. మా దగ్గర గాయం మీద శాస్త్రమనే గుడ్డ కప్పి అడిగేవాళ్లు. జవాబు చెప్పేవాడికి ఆ గుడ్డ కింద ఏముందో కనబడాలి. ఉషశ్రీగారికి కనబడేదని నా నమ్మకం.

1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ అంతకు మించిన మట్టం రాలేదు. ఆ నీళ్లలో మా వీధి చివర ఉండే ఒక ముసలమ్మ కొడుకు కొట్టుకుపోయాడు. వంతెన రాకముందు వాళ్లది పడవ నడిపే ఇల్లు. పిల్లవాడి శవం దొరకలేదు. నెలలు గడిచాక ఒకరోజు వచ్చి, “బిడ్డా, ఒక కార్డు రాసిపెట్టు. మనిషి దొరక్కపోతే కర్మ ఎట్ల చేస్తరో ఆ రేడియో అయ్యను అడుగు” అంది. పేరు రాయొద్దంది, ఊరు మాత్రం రాయమంది. రాశాను. ఆ కార్డు రేడియోలో చదవగా మేము వినలేదు. ఎన్ని ఊళ్ల నుంచి ఎన్ని కార్డులు వస్తాయి, అన్నీ చదవడం ఎవరి తరం? ఆమె మాత్రం ప్రతి ఆదివారం వచ్చి మా అరుగు మీద కూర్చునేది. వేరేవాళ్ల ప్రశ్నలు వినేది, వాటి జవాబులు వినేది. కొన్ని వారాల తరవాత తనే వంతెన దాటి వెళ్లి ఒక పండితుణ్ణి అడిగి వచ్చింది. అంతకుముందు ఆమె అటువైపు వెళ్లింది దణ్ణం పెట్టుకోవడానికే.

శవం దొరకనప్పుడు 360 మోదుగ ఆకుల కాడలతో మనిషి బొమ్మ పేర్చి దహనం చెయ్యాలని శాస్త్రంలో ఉంది. ఆ పండితుడు ఆమెకు అదే చెప్పారు. మోదుగ మా అడవిలో కావలసినంత. మా తమ్ముడు, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు వెళ్లి మూటగట్టి తెచ్చారు. ఆ కాడలను ముసలమ్మ ఒక్కొక్కటే లెక్కపెట్టి పక్కన పెట్టడం నేను దగ్గరుండి చూశాను. తలకిన్ని, చేతులకిన్ని, కాళ్లకిన్ని. లెక్క తప్పితే మళ్లీ మొదలుపెట్టేది. ఆ రేడియో కార్యక్రమం మా ఒడ్డున ఏం చేసిందని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. జవాబుల కంటే ముందు, అడగవచ్చన్న ధైర్యం ఇచ్చింది.

శ్రీరామనవమి నాడు ఇంకో చిత్రం. సీతారాముల కల్యాణం ఏటికి అవతల, రెండు అడుగుల దూరం. వంతెన మీద ఇసుక వేస్తే రాలనంత జనం. పిల్లల తల్లులు, ముసలివాళ్లు, మిల్లులో డ్యూటీ పడ్డవాళ్లు ఇవతలే ఉండిపోయేవాళ్లు. వాళ్లకు కల్యాణం రేడియోలో. అభిజిత్ లగ్నం, జీలకర్ర బెల్లం, ముత్యాల తలంబ్రాలు, రామదాసు చేయించిన మూడో మంగళసూత్రం, అన్నీ ఉషశ్రీగారి మాటల్లో, మల్లాది చంద్రశేఖర శాస్త్రిగారి మాటల్లో చూసేవాళ్లం. చూసేవాళ్లం అనే అంటాను. మా అమ్మ చాలా ఏళ్లు కల్యాణాన్ని అలాగే చూసింది.

అలాంటి ప్రశ్నలకు మల్లాదివారు టీవీలోనూ జవాబులిచ్చారు. 1925లో పుట్టిన ఆయన పురాణ ప్రవచనంలోనే జీవితం గడిపారు. తిరుమల దేవస్థానం 2008లో వేంకటేశ్వర భక్తి ఛానల్ పెట్టాక అందులో ‘ధర్మసందేహాలు’ చెప్పారు. అప్పటికే ఎనభై దాటిన మనిషి, కదలకుండా కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పేవారు. స్మృతి ఏమందో, పురాణం ఏమందో, ఎక్కడ వెసులుబాటు ఉందో. నాకు నచ్చింది ఆ మూడోది. శాస్త్రాన్ని బెత్తంలా పట్టుకున్న పండితులు చాలామంది ఉన్నారు. ఆయన శాస్త్రంలో ఊపిరి తీసుకునే చోటు వెతికి చూపించేవారు. 2022 జనవరి 14న, 96 ఏళ్ల వయసులో హైదరాబాదులో పోయారు.

ఈలోగా ఛానళ్లు పెరిగాయి. చాగంటి కోటేశ్వరరావుగారి ప్రవచనం లేకుండా మా వీధిలో కొన్ని ఇళ్లకు తెల్లవారదు. అది మంచిదే. నన్ను బాధపెట్టేది వేరే కార్యక్రమాలు. ఫోన్ చెయ్యగానే పుట్టినరోజు అడుగుతారు, దోషం ఉందంటారు, రాయి కొనమంటారు, హోమం చేయించమంటారు. ఉషశ్రీగారు, మల్లాదివారు భయం తీసి పంపితే, వీళ్లు భయం పెట్టి పంపుతున్నారు. అడగడం నేర్చుకున్న మా ఆడవాళ్ల ధైర్యాన్నే డబ్బు చేసుకుంటున్నారు. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టడం అన్యాయం.

ఒక హద్దు కూడా చెప్పాలి. మా చుట్టుపక్కల గూడేల్లో కోయవాళ్లు ఈ కార్యక్రమాల కోసం ఎదురుచూసినవాళ్లు కారు. భూమి పండగ ఎప్పుడు, వేల్పును ఎప్పుడు కదిలించాలి అన్నవి వాళ్ల పెద్దలే తేల్చుకునే సంగతులు. శబరి కథ రేడియోలో ఎంత గొప్పగా చెప్పినా శబరి మనవరాళ్ల ప్రశ్న ఒక్కటీ నేను ఆ కార్యక్రమాల్లో వినలేదు. ఆ వైపు చెవి పెట్టినవాళ్లు లేరు.

ఉషశ్రీగారి గొంతు రికార్డుల్లో ఉంది, మల్లాదివారి మాట ఫోన్‌లోనే దొరుకుతుంది. అడిగినవాళ్ల సంగతే పోతోంది. అందుకని కొంతకాలంగా మా వీధి పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, అప్పట్లో ఏం రాయించారో గుర్తు చేయించి నోటుపుస్తకంలో ఎక్కిస్తున్నాను. మొన్న ఒకావిడ చెప్పింది. అన్నదమ్ములు లేని ఇంటి ఆడపిల్ల. పెళ్లయిన కూతురు తల్లికి తద్దినం పెట్టవచ్చా అని నా చేతే రాయించిందట. జవాబు వచ్చిందా అంటే గుర్తులేదంది. తద్దినం మాత్రం అప్పటినుంచీ తనే పెడుతోంది. ఈ ఏడాది తిథి ఎప్పుడొస్తుందో చూసి చెప్పమని పంచాంగం నా చేతికిచ్చింది.