రొట్టెలో దాగిన నిప్పు

వైద్యవృత్తి నుండి విరమించిన తరువాత నేనూ నా శ్రీమతీ చేసిన ప్రయాణాలలో ఫ్రాన్సు పల్లెసీమల గుండా కారులో సాగినది నాకు మిక్కిలి ఇష్టమైనది. పారిస్ నగర వైభవం గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. నేను దానిని వదిలి, మధ్యయుగాల నాటి కట్టడాలు నేటికీ నిలిచి ఉన్న నాలుగు ఊళ్ల గురించి మాత్రమే మీకు చెప్పదలచాను. ఈ నాలుగింటినీ కలిపే దారం ఒక వ్యాధి. బయలుదేరినప్పుడు ఆ దారం మా ఆలోచనలో లేదు. మొదటి మజిలీలో, ఒక చిత్రపటం ముందు నిలబడినప్పుడు, అది మా చేతికి చిక్కింది.

ఆ మజిలీ ఫ్రాన్సు తూర్పు అంచున, అల్సాస్ ప్రాంతంలో ఉన్న కోల్మార్ పట్టణం. అక్కడి ఉంటర్‌లిండెన్ ప్రదర్శనశాల ఒకప్పుడు సన్యాసినుల మఠం. పదమూడవ శతాబ్దపు కట్టడం. అందులో గ్రూనెవాల్డ్ అనే చిత్రకారుడు 1512–1516 మధ్య గీసిన ఈసెన్‌హైమ్ బలిపీఠపు చిత్రాలున్నాయి. ఈసెన్‌హైమ్ కోల్మార్‌కు దక్షిణాన ఉన్న చిన్న గ్రామం. అక్కడి మఠంలో రోగులకు సేవ చేసేవారు. సిలువపై ఉన్న క్రీస్తు శరీరమంతా పుండ్లు, ముళ్లు, పాలిపోయిన ఆకుపచ్చ ఛాయ. మరొక ఫలకంపై ఒక మూల, ఉబ్బిన పొట్టతో, ఒంటినిండా కురుపులతో, వేదనతో తల వెనుకకు వాల్చిన ఒక రూపం కనిపిస్తుంది. నా శ్రీమతి చాలాసేపు దానినే చూసి, “ఏమిటండీ ఈ జబ్బు?” అని అడిగింది. నలభై ఏళ్లు రోగులను చూసిన నాకు ఆ ప్రశ్న ఎదురైతే చూపు తిప్పుకోవడం చేతకాదు.

దాని పేరు ‘పవిత్రాగ్ని’. తరువాతి కాలంలో ‘సెయింట్ ఆంథోనీ అగ్ని’ అన్నారు. చర్మంపై ఎర్రగా పాకే ఎరిసిపెలాస్ అనే సూక్ష్మజీవుల వ్యాధికీ ఇదే పేరు ఉండడం వల్ల పాత గ్రంథాలు చదివేవారు తికమక పడుతుంటారు. నేను చెబుతున్నది వేరు. దీనికి కారణం సూక్ష్మజీవి సోకడం కాదు, రొట్టె.

గోధుమకు చుట్టమైన రై అనే ధాన్యం చలిని, బీద నేలను తట్టుకొని పండుతుంది. అందువల్ల అది పేదల పంట అయింది. పూత సమయంలో వాతావరణం చల్లగా, తేమగా ఉంటే ఒక శిలీంధ్రం ఆ కంకిని పట్టుకుంటుంది. గింజ ఉండవలసిన చోట నల్లగా, వంకరగా ఒక కొమ్ము మొలుస్తుంది. కోడిపుంజు కాలి వెనుక ఉండే ముల్లును ఫ్రెంచి భాషలో ‘ఎర్గో’ అంటారు. ఆ పోలిక నుండే దానికి ఎర్గాట్ అనే పేరు వచ్చింది. ఈ కొమ్ములు గింజలతో కలిసి తిరుగలిలో పడితే, వాటిలోని విషపదార్థాలు పిండిలో చేరతాయి. అవి రక్తనాళాలను బిగించివేస్తాయి. కాళ్లు, చేతులు మొదట నిప్పుపై పెట్టినట్లు మండుతాయి. తరువాత మొద్దుబారి, నల్లబడి, ఎండుతాయి. రక్తం చుక్క కారకుండానే వేళ్లు, కొన్నిసార్లు పాదమే ఊడిపోయేది. కొందరిలో మూర్ఛలు, మతిభ్రమ కలిగేవి. గర్భిణులకు గర్భస్రావమయ్యేది.

994లో లిమోజ్ పరిసరాలలో ఈ అగ్ని చెలరేగినప్పుడు అక్కడి ప్రజలు సెయింట్ మార్షియల్ అవశేషాలను సమాధి నుండి తీసి కొండపైకి ఊరేగించారు. ఆ ఊరేగింపు నేటికీ ఏడేళ్లకొకసారి జరుగుతున్నది. అంతకంటే నన్ను ఆలోచింపజేసింది 945 నాటి విషయం. ఫ్లొదోఆర్ అనే చరిత్రకారుడు పారిస్ ప్రాంతంలో వచ్చిన వ్యాధిని గురించి రాస్తూ, మేరీమాత ఆలయానికి చేరినవారు కోలుకున్నారనీ, హ్యూగ్ ప్రభువు వారికి రోజూ అన్నం పెట్టించాడనీ చెప్పాడు. కొందరు ఇల్లు చేరగానే అగ్ని మళ్లీ రాజుకుందట; తిరిగి ఆలయానికి వచ్చినప్పుడు శాంతించిందట. ఒక వైద్యుడు కేసు షీటు రాసినంత శ్రద్ధగా ఆయన దీనిని నమోదు చేశాడు. ఆలయంలో తిన్నదేమిటి, ఇంట్లో తిన్నదేమిటి అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు.

కోల్మార్ నుండి నైరుతి దిశగా ద్రాక్షతోటల మధ్య బర్గండీలోని బోన్ చేరుకున్నాం. ఫ్రాన్సులో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. గుండ్రని కూడలి వచ్చిన ప్రతిసారీ నేను ఎడమకు మొగ్గడం, నా శ్రీమతి “కుడి, కుడి” అని కేకవేయడం మా దారి పొడుగునా సాగింది.

బోన్‌లోని ఆరోగ్యశాలను 1443లో స్థాపించినది ఒక దంపతుల జంట: బర్గండీ ప్రభువు వద్ద ఛాన్సలరుగా ఉన్న నికొలా రోలాన్, ఆయన భార్య గిగోన్. యుద్ధాలతో, కరవుతో చితికిన ప్రజల కోసం కట్టించారు. 1452 జనవరి 1న మొదటి రోగి చేరింది. 1971 వరకు అందులో వైద్యం జరిగిందంటే మీరు నమ్మగలరా? రంగురంగుల పెంకులతో మెరిసే కప్పు కింద యాభై మీటర్ల పొడవైన పేదల వార్డు, గోడల వెంట ఎర్రని తెరలు కట్టిన మంచాలు. ఒక్కో మంచంపై ఇద్దరేసి రోగులను పడుకోబెట్టేవారట. మన పెద్దాసుపత్రులలో పనిచేసిన నాకు అది వింత అనిపించలేదు. అయితే నన్ను ఆపినది వేరొక సంగతి. స్థాపన శాసనంలోనే రోలాన్, ఆసుపత్రి వాకిట ప్రతిరోజూ పేదలకు రొట్టె పంచాలని ఏర్పాటు చేశాడు. ఏదో ఒక రొట్టె కాదు, తెల్ల రొట్టె. నల్ల రొట్టె తినే జనానికి అదెంత పెద్ద వైద్యమో ఆయనకు తెలిసి ఉండదు.

భర్త మరణించాక గిగోన్ అక్కడే రోగుల సేవలో ఉండి, 1470లో కన్నుమూసింది. ఆమె సమాధి ఆ వార్డు చివరనున్న ప్రార్థనామందిరంలోనే ఉంది. నా శ్రీమతి అక్కడ కొంతసేపు మౌనంగా నిలబడింది.

అక్కడి నుండి దక్షిణంగా, దోఫినే ప్రాంతంలో అక్రోటు తోటల నడుమ కొండవాలున ఉన్న సాంత్-ఆంత్వాన్-లబెయీ అనే గ్రామం మా మూడవ మజిలీ. ఈసెన్‌హైమ్ మఠానికి ఇదే మూలస్థానం. పదకొండవ శతాబ్దంలో ఒక స్థానిక ప్రభువు కాన్‌స్టాంటినోపుల్ నుండి సెయింట్ ఆంథోనీ అవశేషాలను తెచ్చాడని చెబుతారు. అగ్ని సోకినవారు ఆ అవశేషాల కోసం తండోపతండాలుగా రాసాగారు. 1095 ప్రాంతంలో వారికి సేవచేయడానికి ఒక సోదరబృందం ఏర్పడింది. నల్లని అంగీపై నీలిరంగులో ‘టీ’ అక్షరం లాంటి సిలువ వారి గుర్తు. తరువాతి శతాబ్దాలలో ఐరోపా అంతటా వారి ఆసుపత్రులు వందల సంఖ్యలో వెలిశాయి.

ఊరంతా ఒక గంటలో నడిచి చుట్టిరావచ్చు. కప్పుతో ఉన్న పాత సంత, రాళ్లు పరచిన సందులు, వాటిపైన ఊరికి మించిన పరిమాణంలో ఆలయం. ఆ సందులలో మా చెప్పుల చప్పుడు మాకే వినిపిస్తుంటే, కర్రల ఊతతో, మోకాళ్లపై పాకుతూ ఎక్కివచ్చినవారు గుర్తుకు వచ్చారు.

మఠంలో వారికి దొరికినది మూడు విధాల వైద్యం. అవశేషాలపై పోసిన ద్రాక్షసారాయి తీర్థంగా, మూలికల లేపనం పైపూతగా ఇచ్చేవారు. చచ్చుబడిన అవయవాన్ని శస్త్రవైద్యుడు కోసివేసేవాడు. వీటితోపాటు మంచి రొట్టె, పందిమాంసం కడుపునిండా పెట్టేవారు. ఆ మఠం పందులకు మెడలో గంట కట్టి వీధులలో తిరగనిచ్చేవారు. ప్రజలు వాటికి మేత వేసేవారు. సెయింట్ ఆంథోనీ పక్కన చిత్రకారులు పందిని గీయడానికి ఇదొక కారణం.

రోగులు నిజంగానే కోలుకున్నారు. విషం కలిసిన రొట్టె మానితే కొత్త విషం చేరదు; బిగిసిన నాళాలు క్రమంగా సడలుతాయి. మహిమ అని నమ్మినవారిని నేను తప్పుపట్టను. వారి పరిశీలన సరైనదే. ఆ ఫలితానికి వారు చెప్పుకున్న కారణం ఒక్కటే వేరు. నా వృత్తిలోనూ మందు పనిచేసింది అని నేను అనుకున్న సందర్భాలలో ఎన్నింటిలో అసలు పని మరొకటి చేసిందో చెప్పలేను.

1676లో దెని దొదార్ అనే వైద్యుడు ఫ్రెంచి విజ్ఞాన అకాడమీకి ఈ నల్ల కొమ్ములే వ్యాధికి కారణమని తెలియజేశాడు. వ్యాధి అప్పటితో ఆగిందా? లేదు. తరువాతి శతాబ్దంలోనూ తేమనేలల ప్రాంతాలలో అది కనిపిస్తూనే వచ్చింది. పాత గింజ అయిపోయి పిల్లలు ఆకలితో ఉన్న ఇంట్లో, కొత్త పంటలో నల్లనివి ఏరి పారవేయమంటే ఎవరు ఏరుతారు? వ్యాధిని తగ్గించినవి బంగాళాదుంప, మెరుగైన సేద్యం, గోధుమ రొట్టె పేదవాని ఇంటికి చేరడం.

ఈ విషానికి మరో ముఖం ఉంది. గర్భాశయాన్ని బిగించే గుణాన్ని మంత్రసానులు ముందే కనిపెట్టి ప్రసవానికి వాడేవారు. మోతాదు తెలియక తల్లులూ బిడ్డలూ మరణించారు. 1935లో ఎర్గోమెట్రిన్‌ను వేరుచేశాక అది కాన్పు తరువాతి రక్తస్రావానికి ఔషధమయింది. దాని సోదరి మిథైల్ ఎర్గోమెట్రిన్ ఇంజెక్షనుతో రక్తం కట్టి, తెల్లబోయిన ముఖం మళ్లీ రంగు తేలడం నేను ఎన్నో రాత్రులు చూశాను. అధిక రక్తపోటు ఉన్న తల్లికి దానిని ఇవ్వకూడదన్న హెచ్చరిక వెనుక కూడా ఆ పాత అగ్నే ఉంది.

కనుక మీకు రెండు మాటలు చెప్పాలి. మైగ్రేన్ తలనొప్పికి ఎర్గోటమిన్ మాత్రలు వాడేవారు, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, కొన్ని హెచ్‌ఐవీ మందులు తీసుకునేముందు తప్పక వైద్యునికి చెప్పండి. కలిసి వాడితే వేళ్లు నల్లబడే ప్రమాదం నేటికీ నిజమే. రెండవది సజ్జల సంగతి. మన సజ్జ కంకికీ తేనెబంక తెగులు రూపంలో ఇటువంటి శిలీంధ్రమే పడుతుంది. అది అవయవాలను ఎండబెట్టదు గాని వాంతులు, కళ్లు తిరగడం, మగత కలిగిస్తుంది. రాజస్థాన్‌లో అటువంటి సజ్జలు తిన్నవారి కేసులను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1976లో ప్రచురించారు. ఉప్పునీటిలో వేస్తే తెగులు ముక్కలు పైకి తేలుతాయి, మంచి గింజ అడుగున ఉంటుంది. తేలినవి తీసివేసి, గింజను బాగా కడిగి ఆరబెట్టుకోవాలి.

చివరి మజిలీ రోన్ నది ఒడ్డున ఉన్న పోన్-సాంత్-ఎస్ప్రి. పదమూడవ శతాబ్దంలో మొదలుపెట్టి కట్టిన పొడవైన రాతివంతెనే ఆ ఊరికి పేరునిచ్చింది. 1951 ఆగస్టులో ఇక్కడ ఒక దుకాణంలో రొట్టె కొన్నవారు రెండు వందలకు పైగా జబ్బుపడ్డారు. నిద్రలేమి, మంట, మతిభ్రమ, కొందరు మరణించారు. చూసిన వైద్యులు ఎర్గాట్ అన్నారు. తరువాత విత్తనాలకు పట్టించే పాదరసపు మందు అన్నారు, పిండిని తెల్లబరచే రసాయనం అన్నారు. స్టీవెన్ కాప్లాన్ అనే చరిత్రకారుడు 2008లో దీనిపై వెయ్యి పుటలు దాటిన గ్రంథం వెలువరించినా వివాదం తేలలేదు.

మేము వంతెన కనిపించే చోట కారు ఆపి, ఊరిలో కొన్న రొట్టెను విరిచాం. నా శ్రీమతి తన ముక్కను వెలుతురుకు పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. “తెల్లగానే ఉందండీ” అని, తినడం మొదలుపెట్టింది.