మేజువాణికి రాలేమన్నవారు

పుదుచ్చేరికి దక్షిణమున, కడలూరునకు చేరువనున్న బాహూరులో పల్లవ నృపతుంగవర్మ కాలమున నొక విద్యాస్థానముండెననియు, ఆ రాజు ఎనిమిదవ రాజ్యసంవత్సరమున దానికి మూడు గ్రామములు దానమీయబడెననియు 1879లో లభించిన తామ్రశాసనములు చెప్పుచున్నవి. కలిగినవాడు తన కలిమిని పదిమందికి తెలియజేయుటకు తొమ్మిదవ శతాబ్దమున నున్న మార్గములలో నిది యొకటి. వేయి సంవత్సరములు గడచి పందొమ్మిదవ శతాబ్దము వచ్చునప్పటికి, చెన్నపురి రాజధానిలోని సంపన్నులకు పెండ్లిపందిరియే యట్టి ప్రకటనకు ముఖ్యస్థానమయ్యెను.

ఆనాటి ఐదుదినముల పెండ్లిలో ముహూర్తమునకు ముందును వెనుకను జరుగు వేడుకలందు మేజువాణి యన్నింటికంటె ఖర్చుతో కూడినది. ఆటపాటలే వృత్తిగాగల కళావంతుల మేళమును పిలిపించి, పదములు, జావళీలు పాడించి, అభినయము పట్టించి, వచ్చిన పెద్దలకు అత్తరు పన్నీరు చందనతాంబూలములతో మర్యాదలు జరిపి, దొరలు విచ్చేసినచో వారికి ప్రత్యేకముగా ఉపచారములు చేయుట గొప్పయింటి లక్షణముగా నెంచబడెడిది. తమిళదేశపు మేళములందును పాడబడు పదములలో అనేకములు తెలుగువే యగుటచే, ఈ వేడుక తెలుగుసీమకే పరిమితము కాలేదు. మేళము పెట్టింపని గృహస్థు లోభి యనిపించుకొనును. పిలిచినను రాని బంధువు గర్వి యనిపించుకొనును. ఈ రెండు నిందలకు వెరచి అప్పులపాలైనవారి సంగతి చెప్పనేల!

ఇట్టి వినోదము శీలమునకు చెరుపని యెంచి, దానికి వచ్చు పిలుపును కాదనుటనొక వ్రతముగా చేసినవారు సంఘసంస్కర్తలు. వారిలో మచిలీపట్నమున బోధకుడుగను, 1904 నుండి కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలాధ్యక్షుడుగను రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు తమ శిష్యులలో నాటిన నియమములలో మేళము పెట్టింపకుండుటయు, మేళమున్నచోటికి పోకుండుటయు ముఖ్యములు. ఇందలి నేర్పు గమనింపదగినది: వారు వర్జించినది వివాహమును గాదు, వినోదమును మాత్రమే. అక్షతలు వేయుటకును, చదివింపులు చదివించుటకును అడ్డులేదు; కనుక చుట్టరికము తెగకుండ మాట దక్కించుకొనుటకు వీలుండెను.

1893లోనే చెన్నపురి సంస్కర్తలు మరియొక యడుగు ముందుకు వేసి, రాజప్రతినిధి లాన్స్‌డౌన్ ప్రభువునకును, గవర్నరు వెన్‌లాక్ ప్రభువునకును మహజరులు పంపి, మేజువాణి జరుగు విందులకు దయచేయవలదని ప్రార్థించిరి. తాము చూచిన అట్టి ప్రదర్శనములలో అనుచితమేమియు కానరాలేదని ప్రభువులు సెలవిచ్చిరి. ఆహ్వానములను తిరస్కరింపుడని వేడినవారి వేడికోలే సగౌరవముగా తిరస్కృతమయ్యెనన్నమాట!

ఈ వ్రతమునకు మరియొక ముఖమున్నది. గురజాడవారి కన్యాశుల్కము నాటకము 1909 నాటి కూర్పులో వేశ్యలను దరిజేరనీయని సౌజన్యారావుపంతులు కడకు మధురవాణి యను వేశ్య పురుషవేషమున రాగా ఆమె బుద్ధికే అబ్బురపడవలసివచ్చెను. రాలేమన్నవారు తమ శీలమును రక్షించుకొనిరి గాని, పిలుపులు మానినపిమ్మట ఆ కళావంతులు దేనితో బ్రతుకవలెనో పలువురు యోచింపలేదు. తరువాత 1947లో చెన్నపురి ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును, అనగా బాలికలను దేవాలయములకు అర్పించు ఆచారమును, నిషేధించెను. 

పెండ్లిపేరిట ఆడంబరమును మాన్పుట సంస్కర్తల యుద్దేశములలో నొకటి యగునేని, అది నెరవేరలేదనియే చెప్పవలెను. మేళము పోయినది, మేళమునకైన ఖర్చు మాత్రము వేరు వేడుకలకు బదిలీయైనది. నష్టపోయినది ఆడి పాడిన స్త్రీలే.