లేచు, లేపు, కొను

కోల్‌కతాలో చాందినీ చౌక్ మెట్రో స్టేషన్ బయట, మదన్ స్ట్రీట్ చుట్టుపక్కల సందుల్లో, ఎలక్ట్రానిక్స్ దుకాణాలు కిక్కిరిసి ఉంటాయి. అక్కడ బండైనా మోటారైనా మొరాయిస్తే బెంగాలీలో అనే మాట ‘స్టార్ట్ నిచ్ఛే నా’. ‘నిచ్ఛే’ అంటే తీసుకుంటోంది. అంటే యంత్రం స్టార్టును తీసుకోవడం లేదు. అరచేతిలో పట్టే బోర్డుతో కట్టిన రౌటర్ ఆగిపోతే మనం మాత్రం ‘లేవట్లేదు’ అంటాం. పుస్తకాల్లో ఉండే మాట ‘బూట్ అవడం లేదు’. జబ్బు ఒకటే అయినా, దాన్ని ఎక్కడ వెతకాలో ఈ మూడు మాటలూ ఒకేలా చెప్పవు. నా మటుకు నాకు రిపేరు దగ్గర ఎక్కువ అక్కరకొచ్చింది తెలుగు క్రియే, అదీ దాని ప్రేరణ రూపంలో.

ముందు ‘బూట్’ సంగతి. ఇది ‘బూట్‌స్ట్రాప్’కు పొట్టి రూపం. బూటు పైఅంచున కుట్టిన తోలు పట్టీ అది; కాలు దూర్చి దాన్ని పట్టుకుని లాగితే బూటు ఎక్కుతుంది. ఆ పట్టీలు పట్టుకుని తనను తానే పైకెత్తుకోవడం అన్నది పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో జరగని పనికి పేరు. బారన్ ముంచౌసెన్ తన జుట్టు తానే పట్టి బురదలోంచి బయటపడ్డ జర్మన్ కథ కూడా ఈ కోవదే. 1950లలో కంప్యూటర్లవాళ్ళకు ఈ మాట నచ్చింది. ప్రోగ్రామును మెమరీలోకి తేవాలంటే ముందు అక్కడ ఇంకో ప్రోగ్రాం ఉండాలి కదా! ఐబీఎం 701లో లోడ్ మీట నొక్కితే ముందు ఒకటి రెండు ఆదేశాలు మెమరీలోకి వచ్చేవి, మిగతావాటిని అవి లాక్కొచ్చేవి.

కానీ మీట నొక్కింది మనిషి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు, 1955లో బ్రిటన్ నుంచి హెచ్‌ఈసీ-2ఎం వచ్చింది. మన దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్ అదే. పంచ్ కార్డులు మేస్తూ, తిరిగే అయస్కాంత డ్రమ్మును మెమరీగా వాడుకుంటూ కోల్‌కతాలోనే పనిచేసింది. తర్వాత ఇరవై ఏళ్ళకు, 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800లో కూడా ముందుపలక మీది స్విచ్చులు ఒక్కొక్కటే పైకీ కిందికీ వేసి లోడర్‌ను చేత్తో ఎక్కించాల్సి వచ్చేది. తనంతట తాను లేచిన యంత్రం ఆనాడూ లేదు, ఈనాడూ లేదు.

ఇక మన మాట. తమిళంలో ‘ఎఴు’, కన్నడంలో ‘ఏళు’, తెలుగులో ‘లే’, ‘లేచు’. ధాతువు ఒక్కటే. తెలుగులో హల్లు అచ్చును దాటి ముందుకొచ్చింది. ఇలాంటి వర్ణవ్యత్యయాలకు భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో అచ్చయిన తెలుగు ధాతువుల గ్రంథంలో శాస్త్రీయమైన లెక్క చూపించారు. లేచుకు ప్రేరణ లేపు; తమిళంలో ఎఴుప్పు. చిన్న మార్పే, కానీ ‘లేచు’ అన్నప్పుడు లేపినవాడు కనబడడు. ‘లేపు’ అనగానే వాక్యంలో ఇద్దరుంటారు.

మరి ‘తనను తాను’ అన్న బూట్‌స్ట్రాప్ అర్థానికి తెలుగులో ఏముంది? కొను ఉంది. తీసుకొను అనే అర్థమున్న ఈ ధాతువు మరో క్రియకు అనుబంధంగా చేరి ఆ పని ఫలం చేసినవాడికే చెందుతుందని చెబుతుంది: వండుకొను, చదువుకొను. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దీన్ని ఆత్మనేపదార్థంలో చెప్పాడు. బెంగాలీలో ‘కొరే నేవా’ అచ్చంగా మన ‘చేసుకొను’ లాంటిదే. అక్కడా తీసుకొనే ధాతువే సాయం వచ్చింది. రెండు వేర్వేరు భాషాకుటుంబాలు ఒకే దారి తొక్కడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది. ఇంత చేసే కొను కూడా రౌటర్ దగ్గర ఆగిపోతుంది. ‘రౌటర్ లేపుకుంది’ అంటే, ఎవర్ని అని అడుగుతాం. తెలుగు చెవికి ఆ వాక్యంలో ఇంకొకరు కావాలి.

చిప్పు లోపల జరిగేదీ అదే. కరెంటు తగలగానే చిప్పులో తయారీనాడే చెక్కిన బూట్ రామ్ (ROM) పని మొదలుపెడుతుంది. రాక్‌చిప్ బోర్డయితే ఎస్‌డీ కార్డులో 64వ సెక్టారు దగ్గర తర్వాతి అంచె కోసం చూస్తుంది. అక్కడున్న ఎస్‌పీఎల్ అనే చిన్న లోడర్ ముందు ర్యామ్‌ను సిద్ధం చేసి, 16384వ సెక్టారు నుంచి యూ-బూట్ అనే బూట్‌లోడర్‌ను లేపుతుంది. యూ-బూట్ కర్నెల్‌ను లేపుతుంది. కర్నెల్ రూట్ ఫైల్‌సిస్టమ్‌ను తగిలించి, మొదటి ప్రోగ్రామును లేపుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి రౌటర్ వ్యవస్థ మనకు కనబడేది ఇదంతా అయ్యాకే.

ఈ అంచెల మాటలు వినాలంటే మూడు వైర్లు చాలు. యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ గ్రౌండ్‌ను బోర్డు గ్రౌండ్‌కు కలపాలి. దాని టీఎక్స్‌ను బోర్డు ఆర్‌ఎక్స్‌కు, దాని ఆర్‌ఎక్స్‌ను బోర్డు టీఎక్స్‌కు అడ్డంగా మార్చి కలపాలి. అడాప్టర్ 3.3 వోల్టులదై ఉండాలి, దాని పవర్ పిన్ను ముట్టుకోకూడదు. చాలా బోర్డులు 115200 వేగంతో మాట్లాడతాయి, రాక్‌చిప్‌వి ఎక్కువగా 1500000తో. వేగం తప్పితే తెర మీద పిచ్చి గుర్తులు పడతాయి. వాటిని చూసి బోర్డు పోయిందనుకోనక్కర్లేదు, అది బతికే ఉంది. వేగం సరిపెట్టాక ఆఖరి పంక్తిని చూడాలి. ఎంతసేపటికీ ఒక్క అక్షరమూ రాకపోతే చూపు పవర్ అడాప్టర్ మీదికీ కార్డు మీదికీ పోవాలి: కరెంటు చాలకపోవచ్చు, బూట్ రామ్‌కు కార్డులో తాను వెతికేది దొరక్కపోవచ్చు. ర్యామ్ సంగతి చెప్పి ఊరుకుంటే యూ-బూట్‌ను రాసిన చోటు తప్పు కావచ్చు. ‘స్టార్టింగ్ కర్నెల్’ అని చుక్కలు పెట్టి మౌనం దాలిస్తే యూ-బూట్ తన పని చేసినట్టే; డివైస్ ట్రీ (బోర్డు హార్డ్‌వేర్ వివరాల ఫైలు) ఈ బోర్డుది కాదేమో, లేదా కర్నెల్ మరో పోర్టులో మాట్లాడుతోందేమో చూడాలి. రాస్‌ప్‌బెర్రీ పైలో వైర్లు లేకున్నా కొంత తెలుస్తుంది. ఆకుపచ్చ దీపం నాలుగుసార్లు మెరిస్తే స్టార్ట్ ఫైలు దొరకలేదని, ఏడుసార్లు మెరిస్తే కర్నెల్ దొరకలేదని.

అందుకే బోర్డు బాగుచేయడం నేర్చుకునే పిల్లలకు నేను చెప్పేది నోటుపుస్తకంలో ‘లేవలేదు’ అని రాయవద్దని. బూట్‌లోడర్‌కు కొత్త తెలుగు మాట పుట్టించాలన్న పట్టుదల నాకు లేదు, బూట్‌లోడర్ అనే రాయనివ్వండి. క్రియ మాత్రం ప్రేరణలో ఉండాలి, కర్తా కర్మా రెండూ కనబడాలి: ‘బూట్ రామ్ కార్డును చూసింది, ఎస్‌పీఎల్ యూ-బూట్‌ను లేపింది, యూ-బూట్ కర్నెల్‌ను లేపింది, కర్నెల్‌కు రూట్ ఫైల్‌సిస్టమ్ దొరకలేదు.’ ఇలా రాసిన పుస్తకం ఇంకొకరి చేతిలో పెడితే, వాళ్ళు కార్డు తీసి నేరుగా రూట్ పార్టిషన్ చూస్తారు.